ఏడుపు పెట్టె కచేరీ

పోయిన నెలలో భవానీపురంలో ఒక పెళ్ళికి వెళ్ళాను. మా చెల్లెలి మనవరాలి పెళ్ళి. ఏసీ హాలు, గులాబీ రంగు దీపాలు, భోజనాల్లో పేర్లు తెలియని పదార్థాలు. చేపలమ్మి పైకొచ్చిన కుటుంబం, వాళ్ళ పెళ్ళిలో చేప ముక్క లేదు, పనీరు ఉంది. దాని మీద నా అభిప్రాయం అక్కడే చెప్పాను, మళ్ళీ రాయను.

స్టేజీ మీద పాటలవాళ్ళున్నారు. అందులో ఒక కుర్రాడు కీబోర్డు వాయిస్తూ మధ్యలో ఎడం చేత్తో పక్కనున్న చిన్న చక్రాన్ని కదిపాడు. స్వరం జారింది. మెట్టు మీంచి మెట్టు ఎక్కడం కాదు, తడి గట్టు మీద కాలు జారినట్టు జారి, పైకి లేచి, సన్నగా వణికింది. నా చేతిలో ఐస్‌క్రీము కరిగి చీర మీద పడింది. ఆ వణుకు నాకు తెలుసు.

పాట అయ్యాక స్టేజీ దగ్గరికి పోయి, ఈ ఏడుపు ఎవరు కనిపెట్టారు బాబూ అని అడిగాను. ఎవరూ కనిపెట్టలేదండీ, కంపెనీవాళ్ళే లోపల పెట్టి ఇస్తారు అన్నాడు. నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఒకాయన టీ పెట్టెలో దీన్ని కట్టాడని చెప్పాను. అప్పుడు మీ ఊరికి కరెంటు ఉందా అమ్మమ్మగారూ అన్నాడు. లేదన్నాను. వాడు నవ్వాడు. పక్కన డప్పు వాయించేవాడికి కూడా చెప్పి నవ్వించాడు.

వాడు నవ్వినందుకే ఇది రాస్తున్నాను. రాయడం నాకు మనవలు పుట్టాక వచ్చిన విద్య. పేర్లు మాత్రం రాయను. ఉన్నవాళ్ళు కొట్లాటకొస్తారు, పోయినవాళ్ళు రాలేరు.

మా ఊరు పామర్రు దాటి సముద్రం వైపు దిగిపోతే వస్తుంది. ఊరి మధ్యలో కాలవ, కాలవ గట్టు మీద ఇళ్ళు, ఇళ్ళ ముందు పడవలు. వేటకెళ్ళే వాళ్ళం మేము. ఎండు చేపల వాసన మా బట్టల్లో, జుట్టులో, మా మామ్మ చేసిన అరిసెల్లో కూడా ఉండేది. బయటి ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు ముక్కు మూసుకుంటే మాకు అర్థమయ్యేది కాదు. వాళ్ళ ఊళ్ళో ఏ వాసనా రాదేమో, పాపం అనుకునేవాళ్ళం.

ఆ గట్టు చివర రేడియో బాబాయి పాక. ఆయన సాయిబుల ఇంటివాడు. మా నాన్నా ఆయనా ఒకే కాలవలో ఈత నేర్చుకున్నారు, ఒకే మామిడి తోటలో తన్నులు తిన్నారు. అందుకని నాకు బాబాయి. పెళ్ళిళ్ళకీ, పీర్ల పండక్కీ, నాటకాలకీ మైకు సెట్టు అద్దెకిచ్చేవాడు. పంచాయతీ వాళ్ళ రేడియో బాగోగులు కూడా ఆయనవే. పామర్రు నుంచి ఛార్జి చేయించిన లారీ బ్యాటరీని సైకిలు వెనక కట్టుకుని, పెళ్ళికూతుర్ని తెచ్చినంత జాగ్రత్తగా తెచ్చేవాడు. ఆ పాకలోకి పోతే బ్యాటరీ యాసిడు వాసన, సీసం కరిగే వాసన, వాటి మీద వాళ్ళమ్మ కాచే అల్లం టీ వాసన. వాళ్ళమ్మని ఊరంతా బూబమ్మ అనేవాళ్ళం. ఆవిడ టీలో బెల్లం వేసేది. మేం పిల్లలం చదువు కోసం ఎక్కడికీ పోలేదు గానీ, ఆ టీ కోసం రోజూ పోయేవాళ్ళం.

ఆ రోజుల్లో రేడియో పక్కన మనిషి కదిలితే కూత పెట్టేది. చెయ్యి దగ్గరకు తెస్తే కీచుమనేది, తీస్తే తగ్గేది. అందరూ దాని నెత్తి మీద ఒకటి కొట్టి ఊరుకునేవాళ్ళు. బాబాయి కొట్టలేదు. ఒక మధ్యాహ్నం అన్నం మానేసి రేడియో ముందు కూర్చుని చెయ్యి ముందుకీ వెనక్కీ ఆడిస్తూనే ఉన్నాడు. ఉలుకూ పలుకూ లేదు. కొడుక్కి గాలి సోకిందని బూబమ్మ హడలిపోయి ఫకీరు దగ్గరికి తీసుకుపోయింది. ఆయన మంత్రించి మణికట్టుకి వెండి తాయెత్తు కట్టాడు. ఇంటికొచ్చి చెయ్యి పెడితే, ఆ వెండికి కూత ఇంకా చురుగ్గా పలికింది. బాబాయి సంతోషానికి హద్దు లేదు. బూబమ్మ లెక్కలో ఆ వాయిద్యంలో సగం ఫకీరు గారు కనిపెట్టిందే. చనిపోయేదాకా ఆ మాట మీదే ఉంది.

తర్వాత ఆయన బెజవాడలో పాత సామాన్ల కొట్ల చుట్టూ తిరిగి, విరిగిన రేడియోల్లో వాల్వులనే గాజు బుడ్లు ఏరుకొచ్చాడు. టీ ఆకు వచ్చే చెక్క పెట్టెలో అవన్నీ బిగించి, లారీ బ్యాటరీకి తగిలించాడు. పెట్టె నెత్తి మీద సైకిలు పంపు గొట్టం నిలబెట్టాడు. తీగ తీసుకెళ్ళి మైకు హారనుకి కలిపాడు. ఆ గొట్టం ముందు కొంగలా ఒంటి మీద ఈగ వాలినా కదలకుండా నిలబడి, గాలిలో చెయ్యి ఆడించేవాడు. దేన్నీ ముట్టుకోడు, నొక్కడు. హారనులోంచి స్వరం వచ్చేది. ఆడగొంతా అంటే కాదు, వేణువా అంటే కాదు. ఊరు దానికి ఏడుపు పెట్టె అని పేరు పెట్టింది.

అది ఎలా పలుకుతుందో నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. మనిషి ఒంట్లో ఎక్కువ భాగం నీళ్ళే, పెట్టె ఆ నీళ్ళని కనిపెడుతుంది, ఒళ్ళు దగ్గరికొస్తే స్వరం లేస్తుంది, దూరం పోతే దిగుతుంది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. మా ఊరు పెట్టుకోలేదు.

ఆయన కోరిక చిన్నది. "ఒక్క పాట," అనేవాడు. "మొదట్నించీ చివరిదాకా. మధ్యలో ఎవరూ నవ్వకుండా, లేచిపోకుండా వినాల. అంతే."

ఆ ఏడు జాతరకి బెజవాడ వైపు నుంచి నాటకం వాళ్ళని పిలిపించారు. తెర లేవకముందు పెట్టె వాయించుకుంటానని బాబాయి వాళ్ళని బతిమాలాడు. హార్మోనియం ఆయన, గాలిలో చెయ్యి ఊపితే ఈగలు పోతాయి గానీ రాగం రాదన్నాడు. అయినా ఒప్పుకున్నాడు, నవ్వుకోవడానికి.

పొద్దు వాలుతుండగా బాబాయి మొదలెట్టాడు. పద్యం ఎత్తుకున్నాడు. మొదటి పాదానికి నవ్వారు. రెండో పాదానికి తగ్గారు. మూడో పాదం చివర రాగం తీస్తుంటే హార్మోనియం ఆయన కాలు మీద కాలు తీసేసి ముందుకు వంగాడు. నేను ముందు వరసలో కూర్చుని చూశాను. ఇంకొక్క పాదం ఉంది.

మా వైపు ఒక మర్యాద ఉంది. పద్యం బాగా నచ్చితే, అది పూర్తయ్యేదాకా పెద్దలు ఆగరు. మధ్యలోనే స్టేజీ ఎక్కి పాడేవాడి భుజాన కండువా వేస్తారు. ఆగితే నచ్చలేదని అర్థం. మా ప్రెసిడెంటు గారికి పద్యం నచ్చింది. కండువా పట్టుకుని స్టేజీ ఎక్కాడు.

ఆయన అడుగేశాడు, పెట్టె కీచుమంది. ఆగాడు, తగ్గింది. మళ్ళీ అడుగేశాడు, మళ్ళీ లేచింది. వెనక్కి తగ్గాడు, మూలిగింది. బాబాయి కళ్ళతోనే దండం పెడుతున్నాడు, రావద్దని. ఆయన అది భక్తి అనుకున్నాడు. ప్రెసిడెంటు గారు అవస్థ పడుతుంటే సాయానికి చేపల సావుకారు లేచాడు. మా చేపలన్నీ కాటా వేసి కొనేది ఆయనే. మనిషి రెండు బస్తాలంత. నడుముకి వెండి మొలతాడు, వేళ్ళకి ఉంగరాలు. ఆయన పెట్టె పక్కకి వచ్చేసరికి అది పెట్టిన కేకకి కాలవ అవతల కుక్కలు బదులిచ్చాయి.

అప్పుడు మా మామ్మ లేచింది. ఎముకల మీద చీర చుట్టినట్టుండేది, నోరు మాత్రం ఊరికి సరిపోయేది.

"దానికి తెలిసిపోయిందిరా," అంది. "నీ కాటా సంగతి దానికి తెలిసిపోయింది."

జాతర జాతరంతా గొల్లుమంది. సావుకారు, దమ్ముంటే నువ్వు రా ముసలిదానా అన్నాడు. మా మామ్మ తాపీగా స్టేజీ ఎక్కి పెట్టె పక్కన నిలబడింది. ఆ ఎండు ఒంట్లో నీళ్ళెక్కడివి. పెట్టె దోమ పాడినట్టు చిన్న శబ్దం చేసి ఊరుకుంది. ఇక రుజువు కావలసిందేముంది. నాలుగో పాదం ఎవరికీ గుర్తులేదు, బాబాయికి తప్ప.

మర్నాడు సావుకారు కొత్త తూకపు రాళ్ళు తెచ్చుకున్నాడు. అంతకుమించి పెట్టెకి సాక్ష్యం ఏం కావాలి. వారం తిరక్కుండానే బాబాయి పాక ముందు జనం మొదలయ్యారు. కోడి పోయినవాళ్ళు, కల్లు మానేశానన్న మొగుణ్ణి తెచ్చుకున్న పెళ్ళాలు, వాటాలు తెగని అన్నదమ్ములు. బాబాయి నీళ్ళ సంగతీ వెండి సంగతీ చెప్పీ చెప్పీ గొంతు పోగొట్టుకున్నాడు. బూబమ్మ మాత్రం తీర్పులకి వచ్చినవాళ్ళని వరసలో కూర్చోబెట్టి టీ ఇచ్చేది. మేం పిల్లలం ఊరుకోలేదు. దడి వెనక ఇనప బకెట్టు పట్టుకుని కూర్చునేవాళ్ళం. మాకు గిట్టని మనిషి వచ్చినప్పుడు బకెట్టుని తీగ దగ్గరికి జరిపితే పెట్టె మాకు కావలసినంత ఏడ్చేది. బడి పంతులు ఆ గట్టు మీద నడవడం మానేసి పొలాలకడ్డంగా బురదలో పోవడం మొదలెట్టాడంటే మేమే కారణం. అందుకు నాకేం విచారం లేదు.

అంతలో ఆ గొడవ మా ఇంటికే వచ్చింది. ఎదురింటాయన బాతుపెట్ట నెల్లాళ్ళుగా కనపడలేదు. మా నాన్న మీద అనుమానమన్నాడు. మా నాన్నకి రోషం వచ్చింది. ప్రమాణానికి సిద్ధమన్నాడు. మాలో ప్రమాణమంటే ఊరికే చెయ్యరు. కాలవలో మూడు మునకలేసి, తడి బట్టలతో వచ్చి నిలబడాలి. అప్పుడే అది ప్రమాణం. నిజమైన మనిషి గనక మా నాన్న నిండా మునిగాడు. లుంగీ నుంచి, జుట్టు నుంచి నీళ్ళు కారుతుండగా పెట్టె పక్కన నిలబడ్డాడు. పెట్టె సావుకారుకి కూడా అంత ఏడవలేదు.

బాబాయి పరుగెత్తుకొచ్చి తువ్వాలు చేతికిచ్చాడు. "తుడుచుకోరా. తుడుచుకుని, బట్ట మార్చుకుని మళ్ళీ రా. నీళ్ళురా అవి, నీళ్ళు."

మా నాన్న తుడుచుకుని వచ్చాడు. పెట్టె సగానికి సగం తగ్గింది. ఎదురింటాయన నోరు మెదిపేలోపే మా మామ్మ నోటి నుంచి జారిపోయింది, "తువ్వాలుతో పోయేదైతే ఇక పాపమెందుకయిందిరా?" అని. అన్నాక నాలిక కరుచుకుంది. ముద్దాయి సొంత కొడుకు.

మర్నాడు బాతు తనంతట తనే ఇంటికి నడిచొచ్చింది, వెనక పిల్లలతో. తుంగలో ఎక్కడో పొదిగింది. ఇంకేం, మా నాన్న బయటపడ్డాడనుకున్నాం. పెట్టెకి భయపడి వదిలేశాడన్నాడు ఎదురింటాయన. అప్పట్నుంచి మా నాన్న ఊళ్ళో బాతుల దొంగ. పడవ దిగుతుంటే ఎవడో ఒకడు క్వాక్ అనేవాడు. ఆయన బాబాయితో మాట మానేశాడు. ఒకే కాలవలో ఈత నేర్చుకున్నవాళ్ళు ఒకరు గట్టు మీద వస్తుంటే ఇంకొకరు నీళ్ళలోకి దిగిపోయేవారు.

బాబాయి ఆ రోజే తీర్పులు మానేశాడు. గుమ్మానికి తడిక అడ్డం పెట్టేశాడు. బెజవాడలో ఎవరిదో మైకు సెట్ల కొట్లో పని చూసుకున్నాడు. వెళ్ళేముందు ఒక్క పాట వినిపిస్తాను, రండి అని ఇల్లిల్లూ తిరిగాడు. అందరూ అలాగే బాబూ అన్నారు. ఒక్కరూ రాలేదు. పక్కింటివాణ్ణి పెట్టె ముందు నిలబెట్టడానికి ఊరంతా తయారు, తను పోయి దాని ముందు కూర్చోడానికి ఎవడూ లేడు. ప్రెసిడెంటు గారికి ఆ సాయంత్రం ఒంట్లో బాగాలేదు. సావుకారు ఊళ్ళో లేడు. హారను ముందు నేనూ, ఇద్దరు పిల్లకాయలూ, టీ గ్లాసులతో బూబమ్మా. బాబాయి పెట్టె ఆపేసి, తీగలు చుట్టడం మొదలెట్టాడు.

నేను ఇంటికొచ్చి మామ్మకి చెప్పాను. మామ్మ చేప పొలుసు గీకుతున్నది వదిలేసి, ఆ చేతులతోనే వెళ్ళింది. నేను వెనకాలే ఉన్నాను.

"అంత దూరం నుంచి మనుషుల్ని కనిపెడతదా ఇది?" అని కాలవ చూపించింది.

"లేదు పెద్దమ్మా. నాలుగు బారలు దాటితే దానికెవరూ తెలవరు."

"మరి అట్టా చెప్పవేం? అందర్నీ పడవల్లో కూర్చోబెడతాను. కాలవ మధ్యలో. నువ్వు గట్టు మీద వాయించు."

బాబాయి తీగలు చుట్టడం ఆపాడు.

"ఇంకోటి. ఆ పద్యాలొద్దు," అంది మామ్మ. "మాకు తెలిసిన పాట వాయించు. తెలవనిదైతే ఎక్కడ అయిపోయిందో మాకెట్టా తెలుస్తది, చివరిదాకా కూర్చోడానికి?"

తర్వాత రెండు రోజులూ ఆవిడ ఊరంతా తిరిగి, పడవలో ఉన్న మనిషిని పెట్టె ఏమీ చెయ్యలేదని చెప్పింది. మధ్యలో లేచి గట్టెక్కినవాడి సంగతి మాత్రం తను చెప్పలేనంది. రాని వాళ్ళ గురించి ఊరు ఏమనుకుంటుందో కూడా తను చెప్పలేనంది. మా నాన్న రానన్నాడు. పడవ నాది, గెడ నీది, నడుపు అంది మామ్మ. వస్తాను గానీ వినను అన్నాడు ఆయన.

ఆ సాయంత్రం కాలవ నిండా పడవలు. ప్రెసిడెంటు గారు, సావుకారు, ఎదురింటాయన, కొత్త పెళ్ళికూతుళ్ళు, చంటిపిల్లలు. పొలాల మీంచి పడమటి గాలి, ఎవరో తెచ్చిన వేయించిన రొయ్యపొట్టు వాసన. గట్టు మీద బాబాయి ఒక్కడే, తెల్ల చొక్కా వేసుకుని. చెయ్యి ఎత్తాడు.

వల లాగేటప్పుడు మావాళ్ళు పాడుకునే పాట ఎత్తుకున్నాడు. ఆ పాట మేం పుట్టినప్పట్నుంచీ విన్నదే, కానీ పాటలా ఎప్పుడూ వినలేదు. అది పని. రొప్పుతూ, తిట్టుకుంటూ, మధ్యలో ఉమ్ముతూ పాడేది. నోరు లేకుండా, మనిషి లేకుండా అది నీళ్ళ మీదుగా వస్తుంటే మాకు అది మాదని తెలియడానికే కొంచెం సేపు పట్టింది.

ఎవరూ నవ్వలేదు. భయం. ఎవరూ లేవలేదు. అదీ భయమే. సావుకారు దగ్గొస్తే కండువా నోట్లో కుక్కుకున్నాడు. చంటిపిల్లలకి తల్లులు పాలిస్తూ కూర్చున్నారు. ప్రపంచంలో ఏ విద్వాంసుడికీ అంత క్రమశిక్షణగల సభ దొరికి ఉండదు. కానీ రెండో చరణం దగ్గర మా వెనక పడవలో ఒక ముసలాయన, కూర్చున్నచోటే, చేతుల్లో లేని వలని లాగడం మొదలెట్టాడు. ఆయన పక్కవాడు అందుకున్నాడు. భయపడేవాడు అట్టా లాగడు.

పాట అయిపోయింది. అయిపోయిందని అందరికీ తెలుసు, తెలిసిన పాట కదా. అయినా ఎవరూ కదల్లేదు. ప్రెసిడెంటు గారికి మర్యాద గుర్తొచ్చింది. కండువా వెయ్యాలి, కానీ గట్టెక్కడానికి ధైర్యం లేదు. చివరికి పక్క పడవలోని ఎండు వెదురు గెడ అందుకుని, దాని కొసకి కండువా తగిలించి, నీళ్ళ మీదుగా చాచి బాబాయి భుజాన వేశాడు. పెట్టె చిన్నగా మూలిగింది.

"వెదురుక్కూడా ఏదో ఉందిరోయ్," అన్నాడెవరో. అప్పుడు నవ్వారు. బాబాయే ముందు నవ్వాడు.

ఆయన బెజవాడ వెళ్ళిపోయాడు. నాటకాల్లో దెయ్యం వచ్చే సీన్లకి ఆ పెట్టె అద్దెకు పోయేదట. దాన్ని విప్పి చూసినవాళ్ళు ఇంకోటి కట్టుకున్నారు, వాళ్ళ దగ్గర పనిచేసినవాళ్ళు హార్మోనియంలా మెట్లు పెట్టి ఇంకోటి. ఎవరి పెట్టె చూసి ఎవరు కట్టారో రాసిపెట్టినవాళ్ళు లేరు. దెయ్యాల పెట్టె మెకానిక్కు గానే ఆయన్ని అక్కడ ఎరుగుదురు. ఆయన పోయినప్పుడు పేపర్లో వెయ్యలేదు. మొదటి పెట్టెలో బూబమ్మ ఉల్లిపాయలు పోసుకుంది, తర్వాత చెదలు పట్టింది. ఇప్పుడు మా ఊళ్ళో ఆ గట్టే లేదు, చేపల చెరువులు తవ్వేశారు.

పాట విన్న ఆ సాయంత్రం పడవలు కదిలాక బాబాయి గట్టు మీద తీగలు చుట్టుకుంటూ మా వైపు చూశాడు. వినను అన్న మా నాన్న గెడ అందుకున్నాడు. మామ్మ నోరు మూసుకునే ఉంది, అది పెద్ద వింత. మా నాన్న గెడ వేస్తే మామూలుగా గేదె కాలవలో దిగినట్టు చప్పుడయ్యేది. ఆ రోజు మా రేవు వచ్చేదాకా ఆయన గెడ నీళ్ళలోకి దించినట్టే వినపడలేదు.